నిండు బండి లెక్క

దేశంలో మధ్యతరహా ఎస్‌యూవీలకు రూపం ఇస్తున్న డిజైన్ ఇంజినీర్లకు,

తర్లుపాడు నుంచి రాస్తున్నాను.

మా ఊరు మీలో చాలామందికి తెలిసి ఉండదు. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే రైలు మార్గంలో మార్కాపురం రోడ్డు స్టేషన్ దాటాక, కంభం రాకముందు తగులుతుంది. నల్లమలకు తూర్పున, మెట్ట పొలాల మధ్య ఉన్న మండల కేంద్రం. వేసవిలో 45 డిగ్రీలంటే ఈ పక్క ఎవరూ వింతగా చెప్పుకోరు. బోరు నీళ్లలో ఫ్లోరైడు కాబట్టి తాగే నీళ్లు క్యాన్లలో తెచ్చుకుంటాం. కాస్త పెద్ద జబ్బు చేస్తే ఒంగోలుకో గుంటూరుకో పరుగు. నేను బడిలో పాఠాలు చెబుతాను, మా ఆయన వ్యవసాయం చేస్తాడు. ఇంట్లో మీరు తయారుచేసేలాంటి బండి ఒకటి ఉంది. దాన్ని ఎక్కువగా తోలేది నేనే.

అది ఏ కంపెనీదో రాయను. రాస్తే ఆ ఒక్కరి మీద ఫిర్యాదు అనుకుని మిగతావాళ్లు ఈ కాగితం పక్కన పెట్టేస్తారు. నేను చెప్పబోయేది అందరికీ వర్తిస్తుంది. పొడవు నాలుగు మీటర్ల ముప్పై సెంటీమీటర్లకు అటూ ఇటూ, ఒకటిన్నర లీటరు ఇంజిను, ఐదు సీట్లు, ముందు కోపంగా చూసే దీపాలు. ఈ కొలతల్లో ఉన్న బండ్లన్నీ లోపల అన్నదమ్ములే.

ముందు మంచి చెబుతాను, అది న్యాయం. మా అత్తమ్మకు మోకాళ్ల ఆపరేషన్ అయింది. మామూలు సెడాన్ కారులో ఆమె కిందికి దిగబడి కూర్చోవాలి, లేచేటప్పుడు ఇద్దరం చెయ్యి పట్టాలి. బొలెరోలో అయితే కాలు ఎత్తి ఎక్కాలి, అదీ ఆమె వల్ల కాదు. మీ బండిలో సీటు సరిగ్గా ఆమె నడుం దగ్గరికి వస్తుంది. వెనక్కి తిరిగి, కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు, చీర కుచ్చిళ్లు కూడా చెదరవు. ఈ ఎత్తును ఎవరు లెక్కగట్టారో గానీ వారికి మా అత్తమ్మ దీవెనలు. ఊళ్లల్లో ఎస్‌యూవీ కొనేది హోదా కోసమని నగరంలో వాళ్లు రాస్తుంటారు. హోదా ఉంది, కాదనను. కానీ మా వీధిలో ఈ రకం బండి ఉన్న ఇళ్లను లెక్కేసి చూడండి, ప్రతి ఇంట్లోనూ మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషి ఒకరు కనిపిస్తారు.

రెండో మంచి, రాత్రి ప్రయాణం. పొదిలి మీదుగా ఒంగోలుకు అర్ధరాత్రి మనిషిని తీసుకుపోవాల్సి వచ్చినప్పుడు ఆ దీపాలు, ఆ బ్రేకులు, గుంత వచ్చినా చేతిలోంచి జారని స్టీరింగు, ఇవన్నీ డబ్బు పెట్టి కొన్నదానికి లెక్క సరిపోయిందనిపిస్తాయి. పాత సుమోల్లో, కమాండర్ జీపుల్లో గర్భిణులను తీసుకుపోయిన తరం మాది. తేడా మాకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. మీరు గీసే బండి, కొలిచే బండి, బ్రోచరులో అచ్చేసే బండి ఖాళీ బండి. మా వాకిట్లో నిలబడేది నిండు బండి. ఈ ఉత్తరమంతా ఆ తేడా గురించే.

పల్లెలో కారు ఒక ఇంటిది కాదు. కాగితం మా ఆయన పేరు మీద ఉంటుంది, వాడకం వీధి మొత్తానిది. పెళ్లిచూపులకు పోవాలన్నా, త్రిపురాంతకం గుడికి పోవాలన్నా, మార్కాపురం చెన్నకేశవస్వామి తిరునాళ్లకు పోవాలన్నా, ఆపరేషనై డిశ్చార్జి అయిన మనిషిని ఇంటికి తేవాలన్నా, "టీచరమ్మా, బండి ఖాళీనేనా?" అని ఒక గొంతు గేటు దగ్గర వినిపిస్తుంది. కాదనడం ఉండదు. కాబట్టి మా బండిలో ఒక్క మనిషి ప్రయాణం చేసే సందర్భం నేను బడికి పోయి వచ్చేటప్పుడు మాత్రమే. తక్కిన వేళల్లో ఐదు సీట్లూ నిండుతాయి, డిక్కీ నిండుతుంది, ఒడిలో ఒక పిల్లో పిల్లాడో ఉంటే అది పోలీసులకు చెప్పే విషయం కాదు.

గుంటూరులో చదువుకునే పిల్లల గదికి సామాను వేసుకుపోయే రోజు తీసుకోండి. ఐదుగురు పెద్దవాళ్లు, మనిషికి 65 కిలోల చొప్పున 325. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, 40. బియ్యం మూట ఒకటి, 26. ఇక్కడికే 391 కిలోలు. పచ్చళ్ల జాడీలు, మడత మంచం, అత్తమ్మ సంచి ఇంకా లెక్కలోకి రాలేదు. ఇంతకీ మీ బండి ఎంత బరువు మోయగలదు? నేను బ్రోచరు తిరగేశాను. పైకప్పులో తెరుచుకునే కిటికీకి రెండు పేజీలు ఉన్నాయి. లోపల వెలిగే రంగు దీపాలు ఎన్ని రంగుల్లో మారతాయో ఉంది. మోసే బరువు మాత్రం లేదు. మా ఆర్‌సీలో ఖాళీ బండి బరువు ఉంది, అక్కడా ఖాళీయే. ట్రాక్టరు ట్రక్కు కొన్నా, ఏస్ బండి కొన్నా మొదట అడిగే ప్రశ్న "ఎంత మోస్తది?" అనే. పది పదిహేను లక్షలు పోసి కొనే కారుకు ఆ ప్రశ్న ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

బియ్యం మూట 26 కిలోలు ఎందుకని మీకు అనుమానం రావచ్చు. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 25 కిలోల దాకా ఐదు శాతం జీఎస్టీ వచ్చింది. వ్యాపారులు ఒక కిలో కలిపి మూట కట్టారు, పన్ను తప్పింది. మీరు నవ్వుకోవద్దు, మీరూ అదే పని చేశారు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు పన్ను తగ్గించాక, దేశంలో 3,995 మిల్లీమీటర్ల పొడవున్న కార్లు వరసగా పుట్టుకొచ్చాయి. డిక్కీని కత్తిరించి ఐదు మిల్లీమీటర్లు మిగిల్చారు. మా బియ్యం వ్యాపారి కిలో పెంచాడు, మీరు జానెడు తగ్గించారు. ఆ గీత దాటిన బండ్లు కొన్న మాలాంటివాళ్లం మొన్నటిదాకా సెస్సుతో కలిపి 45 శాతం కట్టాం. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 అయింది, చిన్న కార్లకు 18. అంటే మాకూ చిన్న కారుకూ మధ్య ఉన్న తేడా మోసే బరువుకో, కూర్చునే మనుషులకో పెట్టింది కాదు, టేపు పెట్టి గీసింది.

అదే పన్ను చట్టం ఎస్‌యూవీ అంటే ఏమిటో కూడా చెప్పింది. నాలుగు మీటర్లు దాటాలి, ఇంజిను 1,500 సీసీ దాటాలి, నేలకూ బండి అడుగుకూ మధ్య 170 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ కొలత ఖాళీ బండిది అని 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది. మీ బ్రోచర్లలో 190 అనీ 200 అనీ 220 అనీ గొప్పగా వేసే అంకె కూడా చాలావరకు ఆ ఖాళీ బండిదే. ఐదుగురు ఎక్కి డిక్కీ మూసేసరికి వెనక భాగం ఎంత కుంగుతుందో గోడ పక్కన నిలబెట్టి చూస్తే కంటికే తెలుస్తుంది. ఆ కుంగిన అంకె మాకు కావాలి. మా దారిలో బండి అడుగు తగిలేది ఆ అంకె దగ్గరే కదా.

స్పీడ్‌బ్రేకర్ల మాట వస్తే మీకు కొంత సమాధానం ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం స్పీడ్‌బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో, గుండ్రంగా మెల్లగా లేచి మెల్లగా దిగాలి. అలా ఉంటే మీ బండి నిండుగా ఉన్నా అడుగు తగలదు. మా దారుల్లో స్పీడ్‌బ్రేకరు ఎవరి ఇంటి ముందు ప్రమాదం జరిగితే వాళ్లు రాత్రికి రాత్రి వేసుకునేది. వెడల్పు రెండడుగులు, ఎత్తు సిమెంటు ఎంత మిగిలితే అంత. ముందు చక్రాలు దిగి, వెనక చక్రాలు ఇంకా ఎక్కకముందు, రెంటి మధ్య ఉన్న రెండున్నర మీటర్ల పైచిలుకు బండి ఆ దిమ్మె మీద తేలుతుంది. కింద కర్రుమని శబ్దం వస్తుంది. వెనక సీట్లోంచి అత్తమ్మ, "దిగమంటావా అమ్మా?" అంటుంది. మోకాళ్ల ఆపరేషన్ అయిన మనిషి దిగి నడిస్తే తప్ప దిమ్మె దాటని బండికి ఎస్‌యూవీ అని పేరు. రోడ్డు తప్పు రోడ్డుదే, ఒప్పుకుంటాను. కానీ మీరు బండి అమ్మేది ఈ రోడ్డు మీద తోలడానికే గానీ నిబంధనల పుస్తకం మీద కాదు.

మీకు నిండు బండి సంగతి తెలియదని అనను. తెలుసు, రెండు చోట్ల దాచారు. డ్రైవరు తలుపు తీసి పక్క స్తంభం మీద అంటించిన కాగితం చూడండి. టైర్లలో గాలి ఎంత ఉండాలో రెండు వరసల్లో ఉంటుంది, ఇద్దరు ముగ్గురు ఎక్కితే ఒకటి, పూర్తి బరువు ఉంటే ఇంకొకటి. వెనక టైర్ల అంకె పూర్తి బరువుకు ఎక్కువ ఉంటుంది. మార్కాపురంలో గాలి పట్టించే అబ్బాయి ఆ కాగితాన్ని ఎప్పుడూ చూడడు, నాలుగింటికీ ఒకటే పడతాడు. బండి అప్పజెప్పేటప్పుడు షోరూములో కొబ్బరికాయ కొట్టించారు, పెద్ద తాళంచెవి బొమ్మతో ఫొటో తీశారు, ఈ కాగితం వంక వేలు చూపిన మనిషి లేడు.

రెండోది, స్టీరింగు పక్కన కింద, సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం. చాలా బండ్లలో ఉంటుంది. వెనక బరువు పెరిగితే ముందు భాగం పైకి లేస్తుంది, దానితో దీపాల వెలుగూ లేచి ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. ఆ చక్రం తిప్పితే వెలుగు కిందికి దిగుతుంది. కంభం రోడ్డులో రాత్రి పూట బైకు మీద వచ్చేవాడు చెయ్యి అడ్డం పెట్టుకుని తిట్టుకుంటూ పోతాడు, ఎదుటివాడు డిమ్ కొట్టలేదని. కొట్టే ఉంటాడు. డిక్కీలో బియ్యం మూటలున్నాయి, చక్రం సున్నా మీద ఉంది, అంతే. ఇంత తెలివైన ఏర్పాటు చేసి, దాని గురించి ఒక్క మాట చెప్పకుండా అమ్మడం ఏమిటండీ? పెద్ద తెర మీద పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతుంది మా బండి. ఐదు బెల్టులూ పెట్టుకున్న సంగతి దానికి తెలుసు. "దీపం కిందికి దించు, వెనక టైర్లలో గాలి చూసుకో" అని అదే తెర మీద తెలుగులో ఒక వాక్యం వేయడం మీకు కష్టమా?

మైలేజీ దగ్గర కూడా ఇదే కథ. ల్యాబులో రోలర్ల మీద ఇరవై నిమిషాల లోపు నడిపి, 90 దాటనివ్వకుండా, ఏసీ ఆపేసి కొలిచిన అంకె అది. ఏసీ ఆపి మే నెలలో మార్కాపురం దాకా పోయి రమ్మనండి ఆ అంకె అచ్చేసినాయన్ని. నిండు బండి, ఏసీ రెండులో, గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్ ఎక్కుతుంటే ఎంత వస్తుందో కూడా పక్కన వేయండి. తక్కువ అంకె చూసి ఎవరూ పారిపోరు. లెక్క తెలిస్తే డబ్బు సర్దుకుంటాం, తెలియకపోతే ఇంట్లో గొడవ పడతాం, నువ్వు గట్టిగా తొక్కుతున్నావంటే నువ్వు తొక్కుతున్నావని.

మాది డీజిలు. పొలం ఉన్న ఇల్లు, డీజిలు తప్ప ఇంకేం కొంటాం అనుకున్నాం. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 వచ్చాక డీజిలు బండి పొగగొట్టంలో మసిని పట్టుకునే జల్లెడ ఒకటి పెట్టారు. గాలికి మంచిది, తప్పు పట్టను. ఆ జల్లెడలో చేరిన మసి కాలిపోవాలంటే 600 డిగ్రీల దరిదాపు వేడి కావాలి, ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా ఒక వేగంలో కొంతసేపు పోవాలి. ఇంటి నుంచి బడికి, బడి నుంచి మార్కాపురం బజారుకు, దారిలో జీవాల మంద అడ్డం వస్తే ఆగి, మళ్లీ కదిలి పోయే బండికి ఆ వేడి ఎక్కడిది? కొన్నాళ్లకు పసుపు దీపం వెలుగుతుంది. అప్పుడు మేం చేసే పని, పిల్లల్ని ఎక్కించుకుని కంభం పోవడం. కంభం నుంచి గిద్దలూరు వైపు 544డి జాతీయ రహదారి మీద ఆగకుండా కొంత దూరం తోలి, తిరిగి వచ్చేటప్పుడు చెరువు కట్ట మీద ఆగుతాం. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలోకి ఎక్కింది. మా పిల్లలు ఆ చెరువును అన్నిసార్లు చూడటానికి కారణం చరిత్ర మీద మక్కువ కాదు, మీ జల్లెడ. దీనికి నేను మీకు సగం కృతజ్ఞతలు చెబుతాను. మిగతా సగం షోరూములో కూర్చున్న అమ్మకందారు దగ్గర ఉండాల్సింది: "రోజూ ఎంత దూరం తోలతారమ్మా?" అని అడిగి, దగ్గర దూరాలే అయితే పెట్రోలు తీసుకోమని చెప్పి ఉంటే.

వేడి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కంది కోతల కాలంలో మా వైపు రైతులు కట్టెను తారురోడ్డు మీద పరుస్తారు. పోయే వచ్చే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది, కళ్లం ఖర్చు మిగులుతుంది. చట్టప్రకారం తప్పు, కానీ ఏటా జరిగేదే. ఆ ఎండు కట్టె బండి అడుగున చిక్కుకుని వేడి గొట్టానికి తగిలితే నిప్పు అంటుకోవచ్చు. లారీ కింద ఎత్తు ఉంటుంది, ఆటో కింద అంత వేడి ఉండదు. ఇబ్బంది మధ్యలో ఉన్న మీ బండికే. అడుగున ఏయే చోట్ల రేకు కప్పి ఉంది, ఏ చోట లేదు అన్నది మాన్యువల్లో ఒక బొమ్మ వేసి చూపిస్తే, మేం ఆగి ఎక్కడ చెయ్యి పెట్టి కట్టె లాగాలో తెలుస్తుంది.

టైర్ల మీద మీరు చేసిన పని మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది. బొలెరో టైరు పక్కగోడ ఎత్తు 161 మిల్లీమీటర్లు. మీ మధ్యరకం బండిలో 17 అంగుళాల చక్రానికి 129. పై రకం తీసుకుంటే చక్రం 18 అంగుళాలవుతుంది, రబ్బరు 118కి దిగుతుంది. చూడటానికి బాగుంటుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బ తినాల్సింది రబ్బరు, అది తగ్గిపోతే తినేది అల్లాయ్, ఆ తర్వాత మా నడుము. పోనీ చిన్న చక్రం తీసుకుందామా అంటే చల్లగాలి వచ్చే సీట్లు దానితో ఇవ్వరు, వెనక కెమెరా మంచిది ఇవ్వరు. 45 డిగ్రీల ఊళ్లో చల్లటి సీటు కావాలంటే గుంతలకు పనికిరాని చక్రం కొనాలి. ఈ ముడి ఎవరు వేశారు?

ఇక స్టెప్నీ. 2020లో రవాణా మంత్రిత్వ శాఖ నిబంధన మార్చింది, టైరు గాలి చెప్పే యంత్రం, పంక్చరు సామాను ఇస్తే స్టెప్నీ లేకుండానే కారు అమ్మవచ్చని. చాలామంది ఇంకా ఇస్తున్నారు, సంతోషం. కానీ ఇచ్చేది చిన్న చక్రం, మీద "80 దాటవద్దు" అని పసుపు కాగితం. మా పొలాల గట్ల వెంట, రోడ్ల పక్కన అంతా సర్కారు తుమ్మ. దాని ముల్లు చెప్పుల్లోంచి దూసుకుపోయి పాదంలో దిగుతుంది, టైరు ఎంత? పంక్చరు మాకు అరుదైన ఆపద కాదు, కాలానికి తగ్గ పని. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే అడవి దారిలో రాత్రి గేట్లు వేస్తారు, ఆలోపు బయటపడాలి. అక్కడ ఘాట్ మలుపులో, నిండు బండితో, చిన్న చక్రం వేసుకుని దిగడం ఎలా ఉంటుందో మీలో ఒక్కరైనా చేసి చూశారా? డిక్కీ కింద గుంట కాస్త పెద్దది చేసి అసలు సైజు చక్రమే పెట్టండి. నీళ్ల క్యాన్లు రెండు అంగుళాలు పైన కూర్చుంటాయి, మాకేం నష్టం లేదు.

డిక్కీ పెద్దదే, నాలుగు వందల లీటర్ల పైమాట. కానీ అది గది కాదు, వెనక సీటుకూ దానికీ మధ్య గోడ లేదు. పత్తి మందు డబ్బా మూత ఎంత బిగించినా, ఏసీ వేసి అద్దాలు ఎత్తితే ఆ వాసన ముందు సీటు దాకా వస్తుంది. సెడాన్ డిక్కీలో ఆ బాధ తక్కువ. రైతు ఇంటికి బండి అమ్ముతున్నప్పుడు మందు డబ్బా ఎక్కడ పెడతాడన్నది ఆలోచించాల్సిన విషయమే. మూతపడే ప్లాస్టిక్ తొట్టి ఒకటి కొలతకు చేసి అమ్మండి, కొంటాం. తలుపుల మీద వెండి రంగు పట్టీ అమ్మే బదులు అది అమ్మితే పుణ్యం కూడా.

వెనక సీటు. మీరు ముగ్గురికి అంటారు, నిజానికి ఇద్దరికి గీశారు. మధ్యలో కూర్చున్న మనిషి వీపుకు మడతపెట్టే చేతిబల్ల గట్టిగా తగులుతుంది, కాళ్ల దగ్గర ఏసీ పెట్టె పొడుచుకొస్తుంది. ఆ మధ్య సీట్లో ఎప్పుడూ ఇంటి ఆడమనిషే కూర్చుంటుంది, ఇది మీ తప్పు కాదు. ఇప్పుడు మధ్యలో కూడా మూడు చోట్ల కట్టే బెల్టు వస్తోంది, మంచి పని. 2022 సెప్టెంబరులో వ్యాపారవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ ప్రాణం కోల్పోయాక దేశమంతా వెనక బెల్టు గురించి ఒక నెల మాట్లాడింది. మా వైపు బెల్టు పెట్టుకోకపోవడానికి బద్ధకం ఒక కారణమైతే, సీటు కవర్లు ఇంకో కారణం. కొత్త బండి కొన్న వారంలోనే కవర్లు కుట్టిస్తారు, బెల్టు గుచ్చే కొక్కేలు ఆ కవరు కింద సమాధి అవుతాయి. సీటు పక్కనుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగుకు కూడా ఆ కుట్టు అడ్డమే. దుమ్ము పట్టని, తడిగుడ్డతో తుడిస్తే పోయే గుడ్డ మీరే వేసి పంపితే ఈ కవర్ల దుకాణం అవసరమే ఉండదు. లేత రంగు తోలు వేసి రాతి పలకలు చేసే మార్కాపురం వైపు పంపితే ఏమవుతుందో ఊహించుకోండి, ఆ రాతిపొడి తెల్లటి దానిమీద ఎంత అందంగా కనిపిస్తుందో.

భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు చూసే బండి కొన్నాం. 2023 అక్టోబరు నుంచి మొదలైన ఆ పరీక్ష వల్ల మాలాంటివాళ్లకు అడగడానికి ఒక మాట దొరికింది, దాని విలువ తక్కువ చేయను. 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుకట్టకు గుద్దించే ఆ పరీక్షలో ముందు సీట్లలో పెద్దల బొమ్మలు ఉంటాయి, వెనక పిల్లల బొమ్మలు ఉంటాయి. వెనక సీట్లో పెద్దవాళ్ల బొమ్మ ఉండదు. అంటే మా బండికి వచ్చిన ఐదు నక్షత్రాల్లో మా అత్తమ్మ వాటా ఎంతో ఎవరూ కొలవలేదు. పరీక్ష మారేదాకా ఆగక్కర్లేదు, మీ ల్యాబుల్లో మీరు కూర్చోబెట్టి చూసుకుని ఫలితం చెప్పవచ్చు.

పైన తెరుచుకునే గాజు కప్పు గురించి ఎక్కువ రాయను. మా ఊళ్లో అది తెరుచుకునే కాలం డిసెంబరులో రెండు వారాలు, ఆ రెండు వారాల్లో పిల్లలు తల బయటపెడతారేమోనని భయం. మిగతా ఏడాదంతా మూసి, పరదా లాగి, దానికింద ఏసీ పెంచుకుంటాం. ఆ డబ్బుతో వెనక సీట్లకు కూడా చల్లగాలి ఇచ్చి ఉంటే ముందు కూర్చున్నవాళ్లను వెనకవాళ్లు తిట్టుకోకుండా పోదురు.

గీతలో ఉండమని స్టీరింగు లాగే యంత్రం సంగతి అంతకన్నా తక్కువ. మా రోడ్డు మీద గీతలు లేవు. ఉన్న చోట బర్రెలు పడుకుంటాయి. దాన్ని ఆపే మీట ఎక్కడుందో ప్రతిసారీ తెరలోపలికి నాలుగు అరల కిందికి పోయి వెతకాలి. ఏసీ వేగానికి తిప్పే మీట తీసేసి తెర మీద పెట్టినవాళ్లు మాత్రం ఒకసారి గతుకుల్లో వేలితో ఆ చుక్కను నొక్కి చూపించాలి.

సర్వీసు గురించి ఒక్క ముక్క. కంపెనీ పేరు రాయనన్నాను కదా, సెంటరు పేరూ రాయను. బండి ఇచ్చిన ప్రతిసారీ ఇంజిన్ లోపల కడగాలి, ఏసీ లోపల కడగాలి, పైన పూత పూయాలి అని మాన్యువల్లో లేని మూడు పనులు బిల్లులోకి వస్తాయి. అవసరమైన చిన్న ముక్క మాత్రం "పైనుంచి రావాలమ్మా" అంటారు. ఇంజినీర్లుగా ఇది మీ పని కాదంటారేమో. ఏ కిలోమీటరుకు ఏ పని చాలో ఒక పేజీలో తెలుగులో అచ్చేసి అద్దం కింద పెట్టెలో పెడితే, నేనే ఆ పేజీ చూపించి మాట్లాడుకుంటాను.

ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో మీకోసం 11.3 కిలోమీటర్ల అండాకార ట్రాకు 2021లో తెరిచారు. అక్కడ బండి ఎంత వేగం పోతుందో తేలుతుంది. మా రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి ఈ తరహా బండ్లు తయారుచేస్తోంది. అక్కడినుంచి అనంతపురం, తాడిపత్రి మీదుగా నల్లమల దాటితే గిద్దలూరు, ఆ తర్వాత మేం. ఏ కంపెనీవారైనా సరే, కొత్త బండి బజారులోకి వదలకముందు ఒకసారి దాన్ని ఇటు తీసుకురండి. మే నెలలో, మధ్యాహ్నం. తర్లుపాడులో మనుషుల్ని, క్యాన్లను, మూటను ఎక్కించుకుని, కంభం మీదుగా గిద్దలూరు ఘాట్ ఎక్కి దిగి, తిరిగి మార్కాపురం, అటునుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం. కొలిచే పరికరాలు మీరు తెచ్చుకోండి. బయలుదేరేటప్పుడు అడుగు ఎత్తు ఎంత, తిరిగొచ్చాక ఎంత, తాగిన డీజిలు ఎంత, వెనక సీట్లో వేడి ఎంత, అన్నీ రాసుకుని ఆ అంకెల్నే బ్రోచరులో వేయండి.

రావడానికి ఒక వారం ముందు కబురు చేయండి చాలు. వెనక సీట్లో ముగ్గురు ఎవరు కూర్చోవాలన్నది మాత్రం మా అత్తమ్మే నిర్ణయిస్తుంది. మధ్యలో మీలో ఒకరు కూర్చోవాలి.

ఇట్లు,
తర్లుపాడు నుంచి,
ఒక నిండు బండి తోలే టీచరమ్మ